వంగపండు రంగు కారు

పళ్ళ మేస్త్రి ఇంట్లో నలభై ఒక్క కార్లున్నాయి. ఒక్కటి కూడా రోడ్డెక్కదు. అన్నీ జానెడు పొడవువి, అసలు కారులో ఇరవై నాలుగో వంతు. తలుపులు తెరుచుకునేవి కొన్ని, బానెట్ ఎత్తితే లోపల ఇంజనూ దానిమీద వెంట్రుకంత సన్నటి వైర్లూ కనిపించేవి కొన్ని. ముందుగదిలో గోడ పొడుగునా అద్దాల బీరువా చేయించి, వాటిని వరసగా నిలబెట్టుకున్నాడు.

అతని అసలు ఉద్యోగం కట్టుడుపళ్ళు చెయ్యడం. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు తీసి పంపిస్తే, మైనంతో చిగుళ్ళు మలిచి, పళ్ళు పేర్చి, అరగదీసి, మెరుగుపెట్టి పంపించే చిన్న లాబులో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు. వీధిలో అతని అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు, పళ్ళ మేస్త్రి అంటే చాలు. వారమంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు బాగుచేసి, ఆదివారం కార్లు చేసుకునేవాడు. డబ్బాలో విడిభాగాలుగా దొరికే కిట్టును ఉన్నదున్నట్టు అతికించి ఊరుకునే రకం కాదు. పైకప్పు కోసేవాడు, బంపర్లు మార్చేవాడు, లేని అద్దాన్ని తనే పోతపోసేవాడు. పళ్ళు అరగదీసే చిన్న డ్రిల్లే కార్లకూ పనికొచ్చేది.

ఇన్ని కార్లు చేసిన మనిషికి కారు నడపడం రాదు. స్కూటరు కూడా రాదు. "ఇంట్లో షోరూమంత కార్లు, బజారుకి మాత్రం బస్సు," అని భార్య వచ్చినవాళ్ళందరితో అంటూ నవ్వేది. నవ్వులాటే గాని, దాని వెనక నవ్వాల్సిందేమీ లేదు. అతని చిన్నప్పుడు తండ్రి స్కూటరు మీద పనికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత ఒకరోజు తల్లి ఇద్దరు పిల్లల్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన కంఠంలో ప్రాణం ఉండగా ఏ బండీ నడపకూడదని మాట తీసుకుంది. అతనికప్పుడు తొమ్మిదేళ్ళు, అక్కకు పదమూడు. ఇద్దరూ తలూపారు.

అలాంటి తల్లికి చివరికి టాక్సీ డ్రైవరు అల్లుడయ్యాడు. అక్క తనే చూసుకున్న సంబంధం. తల్లి మూడు నెలలు మాట్లాడలేదు. మాట్లాడ్డం మొదలెట్టాక కూడా అల్లుణ్ణి చాటున నిచ్చెన అనేది, మనిషి అంత పొడుగు. బావమరిదిని మంచి చేసుకోవడానికి మొట్టమొదటి కిట్టు తెచ్చిచ్చింది ఆ నిచ్చెనే. మీ అమ్మగారు నడపొద్దన్నారు గాని చెయ్యొద్దనలేదుగా అని నచ్చజెప్పి మరీ ఇచ్చాడు.

బావమరిది బావ బతుకు కోరతాడని సామెత. ఈ బావమరిది మాత్రం ఆరేళ్ళ కిందట బావ చావు కోరాడు. నలుగురి ముందూ నోరు తెరిచి కోరాడు.

అప్పుడు జరిగింది ఇది. ఒక తెల్లవారుజామున, వాన వెలిసిన రోడ్డు మీద, లైట్లు లేకుండా వార ఆపిన లారీని బావ కారు గుద్దుకుంది. కారులో మొగుడూ పెళ్ళాలిద్దరే. అక్క ఆస్పత్రి చేరేలోపే పోయింది. బావకు భుజం విరిగింది. రాత్రంతా టాక్సీ డ్యూటీ చేసి, సొంత కారులో పెళ్ళాన్ని ఎక్కించుకుని వస్తుంటే కునుకు పట్టిందని బావే పోలీసులకు చెప్పాడు. లైసెన్సు పోయింది. ఆ తర్వాత మళ్ళీ తెచ్చుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. "నిద్రమొహంవాడా, నా బిడ్డను మింగి నువ్వు మిగిలావా," అని తల్లి కూతురి శవం పక్కన కూర్చుని అడిగింది. బావ తల దించుకుని నిలబడ్డాడు. పళ్ళ మేస్త్రి, పోవాల్సింది నువ్వేరా అని అరుస్తూ, అతన్ని కాలరు పట్టుకుని గేటు బయటకు గెంటాడు. విరిగిన భుజమని కూడా చూడలేదు.

అంతటితో ఆగలేదు. పదిహేను రోజుల తర్వాత ఇద్దరు చుట్టాలను వెంటేసుకుని బావ ఇంటికెళ్ళి, అక్క వస్తువులన్నీ ఎత్తుకొచ్చేశాడు. బట్టలు, కుట్టుమిషను, చేతిగడియారం, చివరికి అద్దం ముందున్న దువ్వెనతో సహా. బావ అడ్డు చెప్పలేదు. కుట్టుమిషను బరువై మెట్ల దగ్గర తడబడుతుంటే, కట్టులేని చేత్తో తనూ ఒక పక్క పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆరేళ్ళు మాటల్లేవు. తల్లి మొన్నటేడు పోయింది. పోయేదాకా అల్లుణ్ణి తిట్టని రోజు లేదు. ఆమె పోయిన రోజు కూడా బావ వచ్చి రోడ్డుకు అవతలి వైపు నిలబడ్డాడని ఎవరో చెప్పారు. పళ్ళ మేస్త్రి తలెత్తి చూడలేదు.

అలాంటిది, తల్లి పోయిన ఎనిమిది నెలలకు, ఒక ఆదివారం పొద్దున బావ తలుపు తట్టాడు. తలుపు తీసింది భార్య. ఏమనాలో తెలియక లోపలికి రమ్మంది. గుమ్మం తగలకుండా తల వంచి వచ్చి, చెప్పుల స్టాండు పక్కనే ఆగిపోయాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఒక పెద్దాస్పత్రి పార్కింగులో చీటీలిచ్చే పని చేస్తున్నాడట, ఒంటిమీద ఆ నీలం చొక్కానే ఉంది.

"బామ్మర్దీ, తిడితే తిట్టు. ఒక పని అడగడానికొచ్చా," అన్నాడు. "మన వంకాయని నాకు చేసిపెట్టు."

వంకాయ అంటే లారీని గుద్దుకున్న ఆ కారే. చాలాకాలం టాక్సీగా తిరిగి అలిసిపోయిన పాత పెట్టెలాంటి కారును బావ కొనుక్కుంటే, రంగు అక్క ఎంచింది. నిగనిగలాడే వంగపండు రంగు. తోటి డ్రైవర్లు వంకాయ వంకాయ అని ఏడిపించేవాళ్ళు. అక్కకు కోపం వచ్చేది కాదు. వంకాయైతేనేం, తొడిమ మేమేగా అనేది.

పళ్ళ మేస్త్రి మొహం తిప్పుకుని, ఆ కారుకు కిట్టు దొరకదన్నాడు. అది నిజమే, సాకు కూడా. బావ జేబులోంచి ఒక కవరు తీసి చెప్పుల స్టాండు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

కవరు మూడు వారాలు అక్కడే ఉంది. నాలుగో వారం భార్య దాన్ని తెచ్చి అతని పనిబల్ల మీద పెట్టింది. ఆరోజు విప్పాడు. పది పన్నెండు ఫోటోలు. మొదటిదానిలో అక్క బానెట్‌కు చేరబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇంట్లో ఉన్న అక్క ఫోటోలన్నీ ఫోటో కోసం నిలబడ్డవి. ఇలా నవ్వేది ఒక్కటీ లేదు. ఆ ఫోటో చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వెళ్ళి, ఆకారంలో ఆ కారుకు దగ్గరి చుట్టంలాంటి వేరే కారు కిట్టు కొనుక్కొచ్చాడు.

పని చిన్నది కాదు. ఆ కిట్టు కారుకు వెనకభాగం పొట్టి. డిక్కీని కోసి, ప్లాస్టిక్ షీటు ముక్కలతో పొడిగించి, సందుల్లో పుట్టీ నింపి, ఆరాక నీళ్ళు తడుపుతూ ఉప్పుకాగితంతో రుద్దాలి. హెడ్‌లైట్లు గుండ్రం కాదు, పలక. వాటికి మైనంతో అచ్చుచేసి, లాబులో వాడే పారదర్శకమైన పదార్థం పోశాడు. ఫోటోల్లో దొరకని సంగతులు చాలా ఉండేవి. వాటికి ఒక్కడే దిక్కు. భార్య చేత కబురు పెట్టించాడు, ఆదివారాలు వచ్చి అడిగినవి చెప్పి పొమ్మని.

బావ వచ్చేవాడు. గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని, అడిగినదానికే జవాబు చెప్పేవాడు. వెనక తలుపు మీద సొట్ట ఎంతుంది? అరచేయంత, గేటు తగిలి పడింది. చక్రాల మూతలు? మూడే, నాలుగోది ఎక్కడో దొర్లిపోయింది. రెండో నెలకు స్టూలు బల్ల దగ్గరికి జరిగింది. బావ చేతికి ఉప్పుకాగితం వచ్చింది. భార్య టీ రెండు గ్లాసుల్లో పెట్టడం మొదలెట్టింది.

రంగు దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ వచ్చింది. పళ్ళకు రంగు కలపడంలో పేరున్నవాడు, పక్క పన్నుతో తేడా తెలియకుండా కలపగలడు. అలాంటివాడు ప్లాస్టిక్ చెంచాల మీద పదకొండు వంగపండు రంగులు వేసి చూపిస్తే, బావ పదకొండింటికీ తల అడ్డంగా ఊపాడు. ఇది బాగా ముదిరింది, ఇది లేత, ఇది పుచ్చు. పన్నెండో చెంచాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో అటూ ఇటూ తిప్పాడు. "ఇది కూరకు పనికొస్తుంది," అన్నాడు. పళ్ళ మేస్త్రి పకపకా నవ్వేశాడు. నవ్వాక అక్కను చంపినవాడితో కలిసి నవ్వుతున్నాననిపించి, చెంచాలన్నీ డబ్బాలో పడేసి ఆ పూటకు పని ఆపేశాడు.

బయటిపని అయ్యాక లోపలి పని మొదలైంది. లోపలి ఫోటో ఒక్కటే ఉంది. ప్రమాదం తర్వాత, కారును లాక్కొచ్చి పడేసిన షెడ్డులో మెకానిక్కు తీసింది. ముందద్దం లేదు, డాష్‌బోర్డు నొక్కుకుపోయింది. వెనక సీట్లో అక్క గొడుగు అలాగే ఉంది. పళ్ళ మేస్త్రి ఆ ఫోటోను భూతద్దం కింద పెట్టుకుని సీట్లు చూసి కొలతలు రాసుకుంటున్నాడు. కిట్టులో రెండు ముందు సీట్లూ ఒకే వరసలో కూర్చుంటాయి. ఫోటోలో అలా లేవు. పక్క సీటు వెనక్కి ఉంది. డ్రైవరు సీటు బాగా ముందుకుంది, స్టీరింగు దాదాపు ఆనేలా.

గుద్దుడికి జరిగి ఉంటుందనుకున్నాడు. కాని సీటు కింద పట్టాలు వంగలేదు, కొక్కెం దాని గాడిలో సరిగ్గా పడి ఉంది. ఎవరో కూర్చోడానికి వీలుగా జరుపుకుని బిగించుకున్న సీటది. ఆరడుగుల మనిషి ఆ సీట్లో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. అక్క అతని భుజం దాకా కూడా వచ్చేది కాదు.

ఆ వారమంతా లాబులో పళ్ళు తప్పుగా పేర్చాడు.

ఆదివారం బావ వచ్చేసరికి భార్య బజారుకెళ్ళింది. బావ ఎప్పటిలా స్టూలు లాక్కుని, చక్రం ఒకటి తీసుకుని అంచు రుద్దడం మొదలుపెట్టాడు.

"బావా, ఆరోజు బండి ఎవరు నడిపారు?"

బావ చెయ్యి ఆగింది. "ఎందుకడుగుతున్నావు?"

"సీటు ముందుకుంది."

బావ ఫోటో అందుకుని, దూరంగా పెట్టి చూశాడు. చూసి చూసి బల్ల మీద పెట్టేశాడు. "ఆరేళ్ళుగా నా పెట్టెలోనే ఉంది. సీటు సంగతి నేను చూళ్ళేదు. నా కళ్ళెప్పుడూ ఆ గొడుగు మీదికే పోతాయి."

తర్వాత మెల్లగా చెప్పాడు. అక్కకు నడపాలని ఎప్పట్నించో ఉంది. తల్లికిచ్చిన మాట ఉంది కదా అని అతను వాయిదా వేస్తూ వచ్చాడు. ఆఖరికి కాదనలేక, రెండు నెలలపాటు తెల్లవారకముందే ఫ్యాక్టరీ గోడ పక్కనున్న ఖాళీ రోడ్డు మీద నేర్పాడు. ఇన్నేళ్ళూ నువ్వు నన్ను తిప్పావు, ఒక్కరోజు నేను నిన్ను ఇంటికి తీసుకెళ్తానని పట్టుబట్టింది. డ్యూటీ దిగేవేళకు బస్సులో టాక్సీ స్టాండుకు వచ్చింది. వంకాయ అక్కడే ఉంది. తాళం చెవి అడిగి తీసుకుంది.

"బాగా నడిపింది బామ్మర్దీ. అది మాత్రం నువ్వు నమ్మాలి. మలుపు తిరిగేసరికి ఎదురుగా లారీ. నేనున్నా అంతే అయ్యేది."

పక్కన కూర్చున్నవాడు తనే దిగి, విరిగిన భుజంతోనే ఆమెను బయటకు లాగి రోడ్డు మీద పడుకోబెట్టాడు. జనం పోగయ్యేసరికి ఎవరు ఏ సీట్లో ఉన్నారో చూసినవాళ్ళు లేరు. అంబులెన్సులో ఆమెకు కాసేపు తెలివుంది.

"ఏమైనా అందా?" అని అడిగాడు పళ్ళ మేస్త్రి. ఆరేళ్ళలో అడగాల్సిన మొదటి ప్రశ్న అదేనని అడిగాక తెలిసింది.

"అమ్మకి చెప్పొద్దు అంది. అంతే."

పళ్ళ మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఆ మాట అతనికి కొత్త కాదు. గోడగడియారం పగలగొట్టినప్పుడు, లెక్కల్లో తప్పినప్పుడు, ఈ పొడుగాయన్ని మొదటిసారి కలిసి ఇంటికొచ్చినప్పుడు, అక్క తమ్ముడి చెవిలో చెప్పిన మాటే అది. నలభై ఏళ్ళ మనిషి, ప్రాణం పోతుంటే, గడియారం పగలగొట్టిన పిల్లలాగే అంది.

"నాకు చెప్పొద్దని అనలేదుగా," అన్నాడు.

"నీకు చెప్తే అమ్మకి చెప్పేవాడివి. నీ నోట్లో నువ్వుగింజ నానదని మీ అక్కే అనేది."

"అమ్మ పోయాకైనా?"

బావ చక్రాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. "అప్పటికి అలవాటైపోయింది. నన్ను తిట్టుకోవడం నీకూ అలవాటైంది. అది కూడా లాగేసుకుంటే నీ చేతిలో ఏం మిగుల్తుందనిపించింది. అసలు నేర్పింది నేనేగా, నా తప్పు లేదని మాత్రం ఎలా అంటాను."

పళ్ళ మేస్త్రి ఏడ్చాడు. తల్లి పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. కాలరు పట్టుకున్న చేతులతోనే బావ చేతులు పట్టుకుని, ఇప్పుడే వెళ్ళి చుట్టాలందరికీ చెప్తానన్నాడు. బావ ఒప్పుకోలేదు. "చెప్పి ఏం చేస్తావు? అమ్మకిచ్చిన మాట తప్పింది, అందుకే పోయింది అంటారు. పోయినవాళ్ళ మీద రాయి వెయ్యడానికి అందరికీ చెయ్యి లేస్తుంది. నామీదైతే వేసి వేసి అలిసిపోయారు. ఉండనీ." మాటివ్వమని అడిగాడు. ఇవ్వక తప్పలేదు.

కాసేపటికి పళ్ళ మేస్త్రి సీటు చేతిలోకి తీసుకుని, ఎలా అతికించనని అడిగాడు.

"ముందుకే పెట్టు," అన్నాడు బావ.

ఆ సాయంత్రం పళ్ళ మేస్త్రి ఇల్లంతా వెతికాడు. అక్క వస్తువుల్లో ఏదైనా ఒకటి బావకు తిరిగిచ్చేద్దామనుకున్నాడు. ఏదీ లేదు. బట్టలు తల్లి ఎవరెవరికో పంచేసింది. కుట్టుమిషను పాతసామాన్లవాడికి అమ్మేశారు. చేతిగడియారం ఆగిపోతే పారేశారు. దువ్వెన ఏమైందో భార్యకూ తెలియదు. బీరువాలు, మంచం కింద పెట్టెలు, అటక అన్నీ చూసి, ఒళ్ళంతా దుమ్ముతో వచ్చి కూర్చున్నాడు. ఏం వెతుకుతున్నావని భార్య అడిగితే చెప్పలేదు.

కారు పూర్తవడానికి ఇంకో నెల పట్టింది. మెరుగు ఆరాక, పళ్ళ సెట్లు పంపే దూదిపెట్టెలో దాన్ని పెట్టుకుని, బస్సులో ఒళ్ళో పట్టుకుని, మొదటిసారి బావ ఉండే గదికి వెళ్ళాడు. ఆస్పత్రి వెనక సందులో మేడమీది గది. ఇనపమంచం, ఒక బకెట్టు, తాడు మీద ఆరేసిన రెండో నీలం చొక్కా. మంచం బావకు పొట్టి కావడంతో కాళ్ళవైపు ఒక స్టూలు వేసుకున్నాడు. బావ కారును కిటికీ అరుగు మీద పెట్టి, నేల మీద గొంతుక్కూర్చుని, సరిగ్గా దాని కిటికీ ఎత్తుకు కళ్ళు దించి లోపలికి చూశాడు. పళ్ళ మేస్త్రి తలుపు దగ్గరికి జరిగి, సందులోకి చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు.

కారు అయిపోయినా బావ ఆదివారాలు రావడం మానలేదు. ఇప్పుడు వేరే కారు పని నడుస్తోంది. బావకు ఉప్పుకాగితం పట్టడం బాగా కుదిరింది గాని, అతికించడం మాత్రం చేతకావడం లేదు, వేళ్ళు పెద్దవి.

ఇంతలో బావ వచ్చిపోతున్న సంగతి చుట్టాలకు తెలిసింది. ఒక ఆదివారం పిన్ని వచ్చింది. తల్లికి స్వయానా చెల్లెలు, అక్కను ఎత్తుకుని పెంచిన మనిషి. బావ లోపలి గదిలో బల్ల దగ్గరున్నాడు. పిన్ని గుమ్మంలోనే నిలబడింది, భార్య కుర్చీ తెచ్చి వేసినా కూర్చోలేదు.

"మీ అక్కను పొట్టన పెట్టుకున్నవాడు నీ ఇంట్లో టీలు తాగుతున్నాడట. నిజమేనా?"

"నిజమే పిన్నీ. నేనే రమ్మన్నాను."

"మీ అమ్మ ఉంటే ఏమనేదిరా?"

ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. పిన్ని కళ్ళలో నీళ్ళున్నాయి, కోపంతోనో, పెంచిన పిల్ల గుర్తొచ్చో. పళ్ళ మేస్త్రి పళ్ళు బిగించాడు.

"ఏమనేదో నాకు తెలుసు పిన్నీ," అన్నాడు.

పిన్ని ఇక ఈ గుమ్మం తొక్కనని భార్యతో చెప్పి, గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది. ఆటో ఎక్కేదాకా చూసి, పళ్ళ మేస్త్రి లోపలికి వచ్చాడు. బావ తలెత్తలేదు. గది చిన్నది, గోడలు పల్చన, అన్నీ వినే ఉంటాడు.

"పిన్నిగారికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని అడిగాడు.

"అడగలేదు బావా," అన్నాడు పళ్ళ మేస్త్రి.